నారింజ రంగు గీత

చనిపోయే ముందు లైల్ హాగ్‌స్టాడ్ అన్నీ సరిగ్గానే చేశాడు.

ఐదొందల అడుగుల ఎత్తులో ఇంజన్ ఆగిపోయింది. రన్‌వే వెనకే ఉంది. కానీ అంత తక్కువ ఎత్తులో వెనక్కి తిప్పినవాళ్లలో చాలామంది రన్‌వేని చూడకుండానే నేలకి గుద్దుకున్నారు. లైల్ ఆ ఆశ పెట్టుకోలేదు. ముక్కు కిందికి దించాడు. ఎదురుగా ఉన్న సోయా చేను ఎంచుకున్నాడు. పెట్రోలు కట్టేశాడు. స్విచ్చులన్నీ ఆపేశాడు. పడ్డాక లోపల ఇరుక్కుపోకుండా పైకప్పు గడియ ముందే తీసి పెట్టుకున్నాడు. చక్రాలు మెత్తగా మొక్కల మీద ఆనాయి.

చేను మధ్యలో మురుగు కాలువ ఉంది. దాని నిండా గడ్డి ఏపుగా పెరిగింది. పైనుంచి చూస్తే అదీ చేనులాగే ఉంటుంది.

ముందు చక్రం అందులో పడింది. విమానం పల్టీ కొట్టింది. లైల్ మెడ విరిగింది.

ఇదంతా ఫెడరల్ ఇన్‌స్పెక్టర్ డెలోరెస్ పావ్లాక్ ఆదివారం పొద్దున చక్రాల జాడలు, కాక్‌పిట్‌లో స్విచ్చులు చూసి తెలుసుకుంది. ఇరవై ఏళ్లుగా ఆమె ఉద్యోగం ఇదే. అయినా ఆ కాలువ గట్టు మీద నిలబడితే ఆమెకి ఒళ్లు మండింది. ఇంత చక్కగా దిగినవాడు బతకాల్సింది.

"కాలువని చూసి ఏం లాభం మేడమ్?" అన్నాడు షెరీఫ్ రస్క్. "ఇటు రండి. హత్య ఇక్కడుంది."

విమానం వెల్లకిలా పడి ఉంది. అడుగు రేకు చిరిగి ఇంజన్ వెనక భాగం బయటపడింది. పెట్రోలు టాంకు నుంచి పంపుకి వచ్చే సన్నని గొట్టం, దాని చివర నీలం రంగు నట్టు కనిపిస్తున్నాయి.

"ముట్టుకోకండి," అంది పావ్లాక్.

అప్పటికే షెరీఫ్ వేళ్లు నట్టు మీదున్నాయి. చటుక్కున తిప్పాడు. నట్టు తిరిగింది.

"చూశారా? ఉత్త చేత్తో తిరుగుతోంది. రెంచితో బిగించాల్సిన నట్టు ఇది. ఇలా వదులైతే పంపు పెట్రోలు బదులు గాలి పీలుస్తుందట కదా. నేల మీద నడిచినంతసేపూ ఇంజన్ బాగానే ఉంటుంది. పైకి లేచేటప్పుడు పూర్తి జోరు ఇచ్చారా, గొంతు పట్టేస్తుంది."

షెరీఫ్ చెప్పింది నిజమే. ఎవరో పాఠం బాగానే చెప్పారు.

పావ్లాక్ మాత్రం తన చొక్కా చేతి మీదికి చూస్తోంది. ఆవగింజంత నారింజ రంగు పెచ్చు ఒకటి రాలి అక్కడ పడింది. జాగ్రత్తగా తీసి చిన్న కవరులో వేసుకుంది.

"ఏంటది?"

"రంగు."

"రంగులు తర్వాత ఏరుకోవచ్చు. ఎల్డన్ వాంగెన్ అని ఒకడున్నాడు. లైల్‌తో ఏడేళ్లు భాగస్వామి. ఇప్పుడు పగవాడు. ఆ నట్టు ఉన్న మూలకి మామూలు రెంచి దూరదు. పొడుగు మెడ రెంచి ఒకటి ఎల్డన్ సొంతంగా చేసుకున్నాడు. అలాంటిది ఈ జిల్లాలో ఇంకోటి లేదు. శుక్రవారం సాయంత్రం నుంచి అది వాడి దగ్గరే ఉంది. శనివారం పొద్దున లైల్ పోయాడు. ఇంకేం కావాలి మీకు?"

"సాయంత్రం దాకా టైము కావాలి."

"నాలుగింటికి బేడీలు వేస్తాను," అన్నాడు షెరీఫ్. "అది కూడా మీ మొహం చూసి ఆగుతున్నాను."

*

ఎల్మ్ రిడ్జ్ చిన్న విమానాల మైదానం. గడ్డి రన్‌వే ఒకటి, రేకుల షెడ్లు పద్దెనిమిది. ఇక్కడివాళ్లు విమానాలు కొనుక్కోరు. షెడ్లలో కట్టుకుంటారు. నెలకోసారి శనివారం పొద్దున అందరూ చేరి పాన్‌కేకులు కాల్చుకు తింటారు. లైల్ పడిపోయింది ఆ పాన్‌కేకుల వేళలోనే. పళ్లేలు చేతుల్లో పెట్టుకుని ఊరంతా చూసింది.

ఆదివారం కూడా అందరూ ఆ పాన్‌కేకుల షెడ్డులోనే ఉన్నారు. పెనం ఇంకా కడగలేదు. పావ్లాక్ లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. ఒక ముసలాయన కాఫీ జగ్గు పట్టుకుని వరసగా అందరికీ పోసుకుంటూ వచ్చి, ఆమె ముందు కప్పు దాటేసి అవతలికి వెళ్లిపోయాడు.

"శుక్రవారం సాయంత్రం ఇక్కడ ఎవరున్నారు?" అని అడిగింది.

ముసలాయన జగ్గు బల్ల మీద పెట్టాడు.

"గవర్నమెంటు వాళ్లకి మేమేం చెప్పినా, చివరికి ఇంట్లో కట్టిన విమానాలు ప్రమాదకరమనే రాసుకుపోతారు," అన్నాడు ముసలాయన. "పోయిన నాలుగేళ్లలో మీవాళ్లు మూడు మైదానాలు మూయించారు. ఎల్డన్ గాడిని పట్టుకోండి. మిగతావాళ్లని వదిలేయండి."

పావ్లాక్ లేచి తన కప్పులో తనే కాఫీ పోసుకుంది. చల్లారిపోయింది. అయినా వాళ్లందరి ముందూ ఆఖరి చుక్క దాకా తాగి బయటికి వచ్చింది.

లైల్ షెడ్డు మూడోది. భార్య మేవిస్ లోపల ఒక ఇనప కుర్చీలో కూర్చుని ఉంది. సన్నగా, చిన్నగా ఉండే మనిషి. పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలు. కళ్లలో తడి లేదు. కోపం మాత్రం ఉంది.

"ఇంకా వాణ్ని తీసుకుపోలేదా?" అంది.

"కొన్ని ప్రశ్నలున్నాయి."

"అడగండి మరి. నాకు వేరే పనేముంది?"

"విమానం ఎందుకు విప్పారు?"

"ఏడాదికోసారి తనిఖీ. అన్నీ విప్పి మళ్లీ బిగించాలి. శుక్రవారంతో అయిపోయింది."

"ఆ సాయంత్రం ఇక్కడ ఎవరెవరున్నారు?"

"లైల్, నేను."

"ఎల్డన్?"

"ఆరున్నరకి వచ్చాడు. నా రెంచి నాకు పడేయమని గుమ్మంలో నిలబడి అరిచాడు. లైల్ స్టూలు మీంచి దిగి వెళ్లాడు. బయట తిట్టుకున్నారు. వాడు రెంచి లాక్కుని పోయాడు."

"అప్పుడు మీరు?"

"ఇక్కడే. పని చూసుకుంటున్నాను."

"తర్వాత?"

"లైల్ లోపలికొచ్చాడు. పళ్లు నూరుతున్నాడు. టార్చి వేసి నట్లన్నీ ఒకసారి చూసుకున్నాడు. ఇంజన్ మూత బిగించాడు. తాళం వేసి ఇంటికెళ్లాం."

"నట్లు బిగించినట్టు ఆయనకి ఎలా తెలిసింది? ఒక్కొక్కటీ మళ్లీ పట్టి చూశాడా?"

మేవిస్ ఆమెని ఎగాదిగా చూసింది.

"మీరు విమానాల ఇన్‌స్పెక్టరేనా అసలు? గీత చూసి. నట్టు బిగించగానే నట్టు మీంచి పక్క లోహం మీదికి రంగుతో ఒక గీత గీస్తారు. నట్టు ఏమాత్రం కదిలినా గీత తెగుతుంది. గీత ఉందంటే బిగించినట్టు. ఈ మైదానంలో ఎవర్నడిగినా చెబుతారు."

పావ్లాక్‌కి ఈ పద్ధతి తెలుసు. మేవిస్ నోటితో వినాలనుకుంది. బల్ల మీద నారింజ రంగు నెయిల్ పాలిష్ సీసా ఉంది.

"ఇదేనా ఆ రంగు?"

"నాదే. కొట్లో అమ్మే రంగు కన్నా ఇదే గట్టిగా పట్టుకుంటుందనేవాడు."

"రాత్రి ఎవరైనా లోపలికి రాగలరా?"

"ఎల్డన్ దగ్గర తాళంచెవి ఉంది. ఏడేళ్లు ఇక్కడే కదా పడున్నాడు, నా చేతి వంట తింటూ. ఒకే నమూనాలో రెండు విమానాలు కట్టారు. రెండూ ఒకే రోజు పక్కపక్కన ఎగరాలని ఒట్టు. లైల్‌ది ముందు పూర్తయింది. ఆగలేకపోయాడు. ఎగిరాడు. దానికే ఆ మనిషి రెండేళ్లు మాట్లాడలేదు. ఇప్పుడు ప్రాణం తీశాడు."

బయట ఎవరో నడిచి వెళ్తున్న చప్పుడైంది. మేవిస్ ఒక్క ఊపున లేచింది. గుమ్మం ముందు నుంచి పోతున్నది ఎల్డనే. గుమ్మటంలాంటి మనిషి, తల వంచుకుని పోతున్నాడు. ఆమె ఎదురెళ్లి అతని మొహాన ఉమ్మింది.

పాన్‌కేకుల షెడ్డు ముందు జనం చూస్తున్నారు. ఎల్డన్ చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. అలాగే నడిచిపోయాడు.

"చూశారా?" అంది మేవిస్ రొప్పుతూ. "తప్పు చేయనివాడైతే ఊరుకుంటాడా?"

ఆ మాట పావ్లాక్‌కి ముల్లులా గుచ్చుకుంది. నిజమే. ఎందుకు ఊరుకున్నాడు?

*

ఎల్డన్ షెడ్డు చివరిది. లోపల లైల్ విమానానికి అచ్చు కవల. అన్నీ అమర్చి ఉన్నాయి. ఎగరడం ఒక్కటే మిగిలింది. పొడుగు మెడ రెంచి గోడకి వేలాడుతోంది. దాచే ప్రయత్నం కూడా చేయలేదు.

"అదేనా రెంచి?"

"కళ్లున్నాయిగా."

"శుక్రవారం రాత్రి మళ్లీ ఆ షెడ్డుకి వెళ్లారా?"

"లేదు."

"తాళంచెవి ఉందట."

"ఉంది. వెళ్లలేదు."

"లైల్ మీద కోపం ఉందా?"

"ఉంది. ఇప్పటికీ ఉంది. పోయినంత మాత్రాన మంచోడైపోతాడా?"

"రెంచి శుక్రవారమే ఎందుకు కావాల్సొచ్చింది?"

"నాది కాబట్టి. వాడు అడక్కుండా తీసుకెళ్లాడు కాబట్టి."

"ఆయన పని మధ్యలో ఉన్నాడని తెలుసా?"

ఎల్డన్ మొదటిసారి చూపు తిప్పుకున్నాడు.

"తెలుసు," అన్నాడు.

"విమానం పడ్డాక అందరికన్నా ముందు చేరింది మీరే."

"పరుగెత్తాను. వాణ్ని లాగబోయాను. అప్పటికే పోయాడు."

"అక్కడ ఇంకేం చూశారు?"

"లైల్‌ని చూశాను."

"నట్టు చూశారా?"

"మేడమ్, మీ షెరీఫ్ నాలుగింటికి వస్తానన్నాడు. రానివ్వండి. నేను వదులు చేయలేదని ఆయనకి చెప్పాను, మీకూ చెప్పాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. ఇక్కణ్నించి మాత్రం వెళ్లండి."

పావ్లాక్ వెళ్లలేదు. అతని విమానం ఇంజన్ మూత పైకెత్తి ఉంది. టార్చి వేసి వెనక మూలకి చూసింది. అదే గొట్టం. అదే నీలం నట్టు. దాని మీద సన్నని నారింజ గీత, దారం పరిచినట్టు వంకర లేకుండా ఉంది.

ఆ మూలకి చెయ్యి దూర్చింది. మణికట్టు దాకా కూడా పోలేదు. వేలి కణుపుల దగ్గర పట్టేసింది. లాక్కునేసరికి తోలు లేచిపోయింది.

"నా విమానం మీద చేతులు తియ్యండి," అన్నాడు ఎల్డన్. గొంతు మారింది.

"ఈ గీత గీసిందెవరు?"

"నేనే."

పావ్లాక్ అతని చేతుల వైపు చూసింది. పారల్లాంటి చేతులు. లైల్ చేతి తొడుగులు ఆమె ఇందాక మూడో షెడ్డులో బల్ల మీద చూసింది. అవీ అదే కొలత.

"అబద్ధం కూడా చేతకాదా మీకు?" అంది మెల్లగా.

ఎల్డన్ ఆమెకి దగ్గరగా వచ్చాడు. కొడతాడేమో అనిపించేంత దగ్గరగా.

"చూడండి. మీకు తెలిసింది మీ దగ్గరే పెట్టుకోండి. నేను ఏమీ అడగలేదు మిమ్మల్ని."

"జైలుకి పోతారు, తెలుసా?"

"వెళ్లండి ఇక్కణ్నించి."

*

నాలుగింటికి షెరీఫ్ వచ్చాడు. ఎల్డన్‌ని చేతులు వెనక్కి విరిచి మూడో షెడ్డులోకి తీసుకొచ్చాడు. బేడీలు అక్కడే వేశాడు, మేవిస్ చూడాలని. ముసలాయనా, మరో పదిమందీ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"చెప్పండి మేడమ్," అన్నాడు షెరీఫ్. "మీ టైము అయిపోయింది."

పావ్లాక్ జేబులోంచి చిన్న కవరు తీసింది. ఎంత తక్కువ చెబితే అంత మంచిదని దారంతా అనుకుంటూనే వచ్చింది.

"ఇది నట్టు మీది రంగు పెచ్చు. శుక్రవారం రాత్రి ఎవరైనా దొంగతనంగా నట్టు వదులు చేసి ఉంటే, గీత అప్పుడే తెగేది. అవునా?"

"అవును."

"మీరు నా కళ్ల ముందు నట్టు తిప్పారు. అప్పుడు గీత తెగింది. ఈ పెచ్చు అప్పుడే రాలి నా చొక్కా మీద పడింది. అంటే మీ చెయ్యి పడేదాకా గీత నిండుగా ఉంది. దాన్ని తెంపింది మీరే, షెరీఫ్."

షెరీఫ్ మొహం ఎర్రబడింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"మరి నట్టు వదులుగా ఎలా ఉంది?"

"గీత గీసిన రోజునే వదులుగా ఉంది. వేళ్లతో తిప్పి వదిలేశారు. రెంచి పడనేలేదు. వదులు నట్టు మీదే గీత గీశారు. తర్వాత దాన్ని ఎవరూ కదపలేదు. ఎల్డన్ కాదు, ఎవరూ కాదు. హత్య లేదు."

"లైల్ బిగించకుండా వదిలేసేవాడు కాదు," అన్నాడు ముసలాయన కోపంగా.

"వదిలెయ్యలేదు. ఆ ఒక్కటీ మిగిలి ఉండగా పని ఆగింది. గుమ్మంలో గొడవ. రెంచి పోయింది. తిరిగొచ్చి టార్చి వేసి చూస్తే అన్నిటి మీదా గీత ఉంది. గీత ఉంటే బిగించినట్టే. మీ అందరి పద్ధతీ అదే. ఆయనా అదే నమ్మాడు. నా రిపోర్టుకి ఇది చాలు. బేడీలు తియ్యండి."

షెరీఫ్ తాళంచెవి కోసం జేబు తడుముకున్నాడు. కానీ ఓడిపోయినవాడి మొండితనం ఒకటుంటుంది.

"ఆగండి. లైల్ బయట వీడితో తిట్టుకుంటున్నాడు. మరి ఆ టైములో గీత గీసిందెవరు?"

"అది రిపోర్టుకి అవసరం లేదు," అంది పావ్లాక్.

"లైలే," అన్నాడు ఎల్డన్ వెంటనే. "నేను రాకముందే గీసుంటాడు. తలకాయ ఎక్కడో పెట్టుకుని గీసుంటాడు. వాడి బుద్ధే అంత."



మేవిస్ తన కుడి చేతిని చూసుకుంటోంది. ఇరవై ఏళ్లుగా ఇతరుల నోళ్లలో వెనక పళ్ల సందుల దాకా పోయిన చెయ్యి అది.

"లైల్ చెయ్యి ఆ మూలకి పోదు," అంది. ఎవరితోనూ కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు. "వేళ్లతో ఎక్కించేది నేను. ఆయన పైనుంచి రెంచితో బిగిస్తాడు. మళ్లీ నేను గీస్తాను. అందరికన్నా సన్నగా గీస్తానని... ఆ రోజు ఆయన బయటికి పోయాడు. నాకు మీ ఇద్దరి అరుపులూ వినబుద్ధి కాలేదు. చేతికి ఏదో పని ఉండాలని సీసా తీసుకుని వరసగా గీసుకుంటూ పోయాను. అన్నీ అయిపోయాయనుకున్నాను."

పావ్లాక్ ఒక అడుగు ముందుకి వేసింది. మేవిస్ చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. ఆమె చూపు ఎల్డన్ మీదే ఉంది.

"నువ్వు గుమ్మంలో ఉన్నావు. సీసా నా చేతిలో చూశావు."

ఎల్డన్ ఆమె చేతి వైపు చూశాడు.

"నిన్న చేలో గీత చూశావా?"

"చూశాను."

"తెగలేదని చూశావా?"

"చూశాను, మేవిస్."

"నేను నీ మొహాన ఉమ్మినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

ఆమె వెళ్లి అతని చొక్కా గుండె దగ్గర రెండు చేతులా పట్టుకుని గుంజింది. అంత పెద్ద మనిషి బేడీలతో ఊగిపోయాడు. షెరీఫ్ కదలబోతే పావ్లాక్ మోచెయ్యి పట్టి ఆపింది.

"ఎవడు అడిగాడు నిన్ను?" అంది మేవిస్. గొంతు చీరుకుపోతోంది. "నా కోసం జైలుకి పోతావా? నువ్వు? ఆయన్ని రెండేళ్లు పలకరించలేదు. పని మధ్యలో రెంచి లాక్కుపోయావు. ఇప్పుడు గొప్పవాడివై పోదామనుకున్నావా నా నెత్తిన ఎక్కి?"

"గొప్ప కాదు. రెంచి ఇంకో అరగంట ఉంచి ఉంటే బతికేవాడు. అది నాకు తెలుసు."

"నీది నువ్వు ఏడువు. నాది నాకివ్వకుండా ఎందుకు దాచావు?"

ఆమె పిడికిళ్లు వదిలేసింది. చొక్కా బొత్తాం ఒకటి తెగి ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వే చంపావని అనుకున్నానా," అంది, ఈసారి చాలా మామూలుగా. "నిన్న రాత్రి నాలుగు గంటలు నిద్రపట్టింది నాకు. నిన్ను తిట్టుకుంటూ తిట్టుకుంటూ పడుకున్నాను. ఇక నుంచి ఎవర్ని తిట్టుకుని పడుకోవాలి?"

"అందుకే చెప్పలేదు," అన్నాడు ఎల్డన్.

షెరీఫ్ బేడీలు విప్పాడు. గుమ్మంలో జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఎల్డన్ మాత్రం అక్కడే నిలబడి, ఆమె పొమ్మనేదాకా కదల్లేదు.